మీ మరిది స్పీకర్ డబ్బలు

ఆర్మూర్
శనివారం పొద్దుగాల

దొంకేశ్వర్‌ల ఉన్న మా పెద్దక్క రాజవ్వకు, నీ చెల్లె లచ్చవ్వ కాళ్ళు మొక్కి రాసుకునేది.

అక్కా, పానం ఎట్లున్నది? మోకాళ్ళ నొప్పులు తగ్గినయా? నూనె రాసి కాపుకుంటున్నవా, లేక నేను లేనని ఇడిసిపెట్టినవా? నీ కొడుకు నర్సయ్య, కోడలు మంచిగున్నరా? బర్రె ఈనిందా? దూడ ఏది? మేం ఈడ అందరం మంచిగున్నం. నిజంగనే మంచిగున్నం, నువ్వు ఫికర్ పెట్టుకోకు. నాకు జర దగ్గు ఉన్నది, అది పసుపు దుమ్ముకు, ఇంకేం లేదు. ఇంకేమన్న ఉంటే దాచుకోకుంట రాద్దును.

ఫోన్ జేస్తె నీకు ఇనవడకపాయె. నేను అరుసుడు, నువ్వు ఆఁ ఆఁ అనుడు, ఈడ కింద ఓనరమ్మ లొల్లి ఏందని తొంగి చూసుడు. అందుకే రాస్తున్న. నువ్వు నాలుగో తరగతి దాక సదివినవ్, నేను మూడు తోనే ఆపిన. నా రాత వంకరటింకర ఉంటది, కూడవల్కుకుంట మెల్లగ సదువు. ఇంకెవ్వరితోని సదివిచ్చుకోకు. ఈ ఉత్తరంల మీ మరిది, అదే మా ఆయన ముచ్చట ఉన్నది.

మేం ఊరిడిసినప్పుడు చలి ఉండె, గిప్పుడు ఎండలు ముదురుతున్నయి. బస్సెక్కితె జల్దినే దొంకేశ్వర్‌ల దిగొచ్చు, నాకెరికే. అయినా నాకు ఏదో దేశం వచ్చినట్టే ఉన్నది. వచ్చిన కొత్తల రోజు ఏడ్సేదాన్ని. మీ మరిది అన్నడు, “నేను మస్కట్ పోయిననాడు గూడ నువ్వు గిట్ల ఏడ్వలె గదనే, ఆర్మూర్‌కు ఏడుస్తవా?” అని. నవ్వొచ్చింది. గని అక్కా, మస్కట్ పోయింది ఆయన. ఆర్మూర్ వచ్చింది నేను.

మీ మరిది బాయికాడ జారి పడ్డంక కొడుకు గంగాధర్ మమ్ముల ఊర్లె ఉండనియ్యలె, తన దగ్గరికి గుంజుకొచ్చిండు. వాడు పసుపు యార్డుల కాంట మీద తూకం ఏస్తడు. గిప్పుడు సీజను. మేం లేవకముందు పోతడు, మేం తిన్నంక వస్తడు. వాని మొకం జూద్దమన్నా ఆయితారం దాక ఆగాలె. కోడలు సుజాత బీడీలు జేస్తది, మంచి పిల్ల. నన్ను మాత్రం ఆకు ముట్టనియ్యది, “మీరు కూసోండి అత్తమ్మా” అంటది. కూసుంటేనే నాకు ఫికర్లు ఎక్కువైతయని దానికేం ఎరుక?

ఉండేది ఓనరమ్మ ఇంటి మీది అంతస్తుల, రెండు గదులు. ఈడ ఎవ్వరు గోడ మీదికెల్లి ఏం కూర వండినవని అడుగరు. నీళ్ళు సప్పగ ఉంటయి. మొన్నొకనాడు కొడుకు అంకాపూర్ కోడికూర తెచ్చిండు. మస్తుగనే ఉండె గని కారం మీ మరిది కడుపుకు పడ్తదో లేదోనని నేను మంచిగ తినలేకపోయిన. ఆయనకేం కాలె. బొక్క గూడ ఇడువలె.

ఇంటెన్క పసుపు పాలిష్ పట్టే పెద్ద డ్రమ్ము ఉన్నది. ఉడకవెట్టి ఎండిచ్చిన కొమ్ములను అండ్ల పోసి గిర్రున తిప్పుతరు. పచ్చటి దుమ్ము లేసి మా కిటికీలకెల్లి ఇంట్లకొస్తది. ఆరేసిన దోతులు పచ్చగ, మంచం పచ్చగ, చాయ్ మీద గూడ పచ్చటి పొర. వచ్చిన తెల్లారి అద్దంల మొకం జూసుకుని నాకు కామెర్లయినయని వణికిన. సుజాత వచ్చి కొంగుతోని అద్దం తుడిసింది. కామెర్లు పోయినయి.

ఇగ అసలు ముచ్చట.

మీ మరిది మస్కట్ నుంచి తెచ్చుకున్న ఆ రెండు పెద్ద స్పీకర్ డబ్బలు నీకెరికే. భూమ్మీద నిలవెడ్తె నా ఛాతి దాక వస్తయి. ఆయన పనిచేసిన ఇంటాయన కొత్తయి కొనుక్కుంట పాతయి ఇచ్చిండని ఓడల ఏసి తెచ్చుకున్నడు. వాటిని ఎవ్వరిని ముట్టనియ్యడు. పెండ్లికని అడిగితె సొంత తమ్మునికే ఇయ్యలె. నీకొక్కదానికే ఏమనలేదు. నీకు చెవులు తక్కువైనంక మా ఇంటికొస్తె డబ్బకు ఈపు ఆనిచ్చి కూసునేదానివి. అనపకాయలు ఒల్సుకుంట తల ఊపేదానివి. పాట చెవులకు రాకున్నా దరువు ఈపుల తెలుస్తదని నువ్వే చెప్పినవ్. నీ తల ఆనిన కాడ నూనె మరక పడ్డది. నువ్వు పోయినంక మీ మరిది దాన్ని తుడుసుకుంట గునిసేటోడు, “మీ అక్క పాట ఇన వచ్చిందా, నా డబ్బకు నూనె పెట్ట వచ్చిందా?” అని. ఇన్నేండ్లు తుడిసినా ఆ మరక పోలె.

వాటిని ఈ మీదింటికి ఎక్కిచ్చుడే ఒక యుద్ధమైంది. మెట్లు సన్నగున్నయి. గంగాధర్ యార్డు హమాలీలను తోలుకొచ్చిండు. ఒకాయన డబ్బను అటు ఇటు జూసి, “అవ్వా, పసుపు బస్తానైతె కొక్కెం గుచ్చి లేపుత. దీన్ని ఏడ గుచ్చాలె?” అన్నడు. మీ మరిది మెట్ల మీద అడ్డం నిలవడి, “కావాల్నంటె నన్ను గుచ్చు, దాన్ని గుచ్చకు” అన్నడు. హమాలీలు నవ్వుకుంటనే మోసిండ్రు.

ఇంట్లకొచ్చినయి గని ఇల్లు పట్టలె. తలుపు సగమే తెరుసుకునేది. సుజాత బీడీల చాట పెట్టుకునేతందుకు జాగ లేకపాయె. పాట పెట్టంగనే కింద ఓనరమ్మ ఇంట్ల గిలాసలు గలగలమన్నయి. ఆమె చీపురు చేతులనే పట్టుకుని మీదికొచ్చింది.

“ఏం పెద్దమనిషీ, పాట ఇంటున్నవా, నా ఇల్లు కూలగొడ్తున్నవా?”

“జర తక్కువ పెడ్తనమ్మా.”

తక్కువ పెట్టినా దుమ్ము దుమ్మనుడు పోలె. గది చిన్నది గద బాపూ, చప్పుడు గోడలకు తాకి మల్ల మన మీదికే వస్తదని కొడుకు చెప్పిండు. నాకైతె నా గుండె కొట్టుకుంటుందో డబ్బ కొట్టుకుంటుందో తెల్వకపోయేది. ఆఖరుకు ఓనరమ్మ తేల్చి చెప్పింది, డబ్బలన్న తీయుండ్రి, ఇల్లన్న ఖాళీ చేయుండ్రి అని.

గంగాధర్ బాపు పక్కన కూసుని మెల్లగ చెప్పిండు. “చిన్నయి వస్తున్నయి బాపూ. బుక్‌షెల్ఫ్ స్పీకర్లంటరు. పుస్తకాల అరల పడ్తయి.”

“మనింట్ల పుస్తకమే లేదు, అరెక్కడిదిరా?”

“బోళ్ళ అర ఉన్నది గద.”

“అయితె బోళ్ళతోని పాటు వాటిని గూడ తోముండ్రి” అని గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

అన్నం ముట్టలె అక్కా. “నా డబ్బలు లేని కాడ నేనుండ. ఊరికి పోత. ఒక్కన్నే ఉండుకుంట, వండుకుంట” అన్నడు. నా పానం ఉన్నకాడ లేదు. బాయికాడ పడ్డ మనిషి, ఒక్కడు ఊర్లె ఉంటె మల్ల పడ్తె లేపేదెవరు? కొడుకేమో పోనియ్యడు, ఈయనేమో ఉండడు, నడుమల నేను. ఈ మనిషి ఈ ఇంట్ల నిలుస్తడా లేదా అని అదే ఫికర్ నాకు.

అయినా కొడుకు చిన్నయి తెచ్చిండు. మన బియ్యం కొలిచే మానిక కంటె జర పెద్దగున్నయి, అంతే. పెద్దయాటిని కిందికి దించి మెట్ల కింద పెట్టి గోనెసంచులు కప్పిండ్రు. బాల్కొండ నుంచి డీజే పెట్టెటాయన కొంటనని జూడవచ్చిండు. మీ మరిది మెట్ల మీదనే ఆపి, “పెండ్లి బరాతుల తాగినోళ్ళ ముంగట నా డబ్బలు ఎగురయి. పో బిడ్డా” అని తోలేసిండు. ఓనరమ్మేమో ఉగాది దాక జూస్త, అంతల మెట్ల కింద సాఫ్ కావాలె అన్నది.

చిన్నయాటిని బోళ్ళ అరల పెట్టినం, స్టీలు గిన్నెల నడుమ. మీ మరిది వాటి దిక్కు చూడనే లేదు. నాకు మాత్రం వాటిని జూస్తె పాపమనిపిచ్చింది. పెద్దయాటికి ముంగట నల్లగుడ్డ ఉంటుండె. ఈటికి ఏం లేదు, గుండ్రంగ నోరు తెరుసుకుని ఉన్నయి. ఆ పసుపు దుమ్ము సక్కగ నోట్లెకే పోతది గద? కొడుకు కష్టపడి తెచ్చిండు, ఖరాబైతె ఎట్ల? మనిద్దరం కలిసి కుట్టిన పాత బొంత ఉండె సూడు, నీ పచ్చచీర ముక్కలున్నది. దాన్ని కత్తిరిచ్చి రెండిటికి, మెత్తలకు తొడిగినట్టు, గలీబులు కుట్టిన. సూది పోనంత మందం. సుట్టు కుట్టేసి వైరు పోయేటంత సందు ఇడిసిన. అంచుకు ఎర్రగుడ్డ గూడ ఏసిన. సుజాత జూసి, “మస్తున్నయి అత్తమ్మా, టీవీకి గూడ కుట్టుండ్రి” అన్నది. గంగాధర్ వచ్చి నిద్రకండ్ల తోనే జూసి, మంచిగున్నయే అవ్వా అని పండుకున్నడు. నాకు శానా సంతోషమైంది.

ఇగ ఒకనాడు మీ మరిది తనంతట తనే లేసి పాట పెట్టుకున్నడు. నేను తిట్లు ఇనుడుకు తయారై కూసున్న. ఆయన తిట్టలె. జర పెంచిండు. దగ్గరికి పోయి చెవి పెట్టిండు. బంద్ చేసి వచ్చి కూసున్నడు.

“ఎట్లున్నయి?” అన్న.

“మంచిగనే ఉన్నయి.”

ఆయన నోటికెల్లి మంచిగున్నయన్న మాట ఇని నాకు చెమటలు పట్టినయి. నేను వండిన కూరను గూడ ఆయన ఎన్నడు మంచిగున్నదనలె. గానాటి సంది ఊరికి పోత అనుడు బంద్ చేసిండు, పెట్టింది తింటున్నడు. నేను సంతోషపడాలె గద? నాకు ఇంక భయమైంది. పొద్దున చాబీ ఇచ్చే మస్కట్ గడియారాన్ని ఈ చెవికి పెట్టుకునుడు, ఆ చెవికి పెట్టుకునుడు. నేను జూస్తె జేబుల ఏసుకునుడు.

ఒకనాడు చాయ్ తాగుకుంట అడిగిండు. “లచ్చీ, మీ అక్కకు చెవులు పోయినప్పుడు మొదలు ఎట్లయింది?”

“ఎందుకు?”

“ఊకెనే. చెప్పు.”

“చప్పుడు వస్తది గని మాట తెలుస్తలేదు అనేది.”

ఆయన గిలాస కింద పెట్టిండు. “నాకు గూడ గట్లనే అయితుందే. పాట వస్తుంది, మాట తెలుస్తలేదు. ఎవరో బొంతల మొకం పెట్టుకుని పాడినట్టున్నది.”

ఆ మాట ఇని గూడ నాకు తెలివి రాలె సూడక్కా! నాకు నువ్వే కండ్ల ముంగట కొచ్చినవ్. పది మందిల కూసుని ఎవరు నవ్వితె వాళ్ళతోని నవ్వుకుంట ఉంటవ్ సూడు, గట్ల మీ మరిది కూసున్నట్టు కనవడ్డది. కండ్లల్ల నీళ్ళు కనవడకుంట చాయ్‌ల చక్కెర తక్కువైందని లోపటికి పోయిన.

“పిలగానికి చెప్పకు. మోజుగ తెచ్చిండు, మనసు ఖరాబ్ చేసుకుంటడు” అన్నడు. నేను చెప్పలె. సిద్దులగుట్ట మీది దేవుని దిక్కు తిరిగి మాత్రం రోజు మొక్కిన. మీ మరిది నేను మాట్లాడంగ నా మొకం కాదు, నా పెదవులు జూసుడు షురూ చేసిండు. చెవులు పోతె పెదవులు జూసి మాట తెలుసుకునుడు నేర్సుకుంటున్నడని నాకు సమజైంది.

నా నడుము నొప్పికని చెప్పి దవాఖానకు తోలుకపోయిన, ఆడికి పోయినంక ఆయననే కుర్చీల కూసోవెట్టిన. డాక్టరు బత్తి పెట్టి చెవులల్ల జూసిండు, ఏందేందో ఇనిపిచ్చిండు. “తాతా, నీ వయసుకు మస్తున్నయి నీ చెవులు. ఏం రందిలేదు” అన్నడు. నేను అక్కన్నే దండం పెట్టిన. బయటికొచ్చినంక మీ మరిది, “డాక్టరు మంచోడు. ముసలోడు బేజారైతడని గట్ల చెప్పిండు” అన్నడు.

“గట్లెందుకు చెప్తడయ్యా?”

“ఆటో హారన్ ఇనవడ్తుంది. ఆ మక్కకంకులామె తిట్టేది ఇనవడ్తుంది. పాటనే ఎందుకు తెలుస్తలేదే మరి?”

నాకేం తెలుసు? పాటల చెవులు వేరే ఉంటయేమో అన్న. ఆయన నవ్వలె.

మొన్న ఆయితారం ఉగాదికని ఇల్లు దులుపుతున్నం. గలీబులు జూస్తె పసుపు కొట్టి పచ్చగయినయి. కుట్లు ఇప్పి బకిట్ల నానవెట్టిన. సుజాత అరలు తుడుసుకుంట, ఊకె ఉండలేక పాట పెట్టింది. మీ మరిది కిందికెల్లి వస్తున్నడు. సగం మెట్ల మీద ఆగిండు. ఆగినోడు ఆగినట్టే ఉన్నడు. పడ్తడేమోనని నేను ఉరికిన. చేతుల గలీబు అట్లనే ఉన్నది, పచ్చటి నీళ్ళు కారుకుంట.

“ఎవరే పాడుతున్నది?” అన్నడు మెల్లగ.

“గదే పాట. నువ్వు రోజు పెట్టేదే.”

“కాదు. మాట తెలుస్తుంది. ఆమె ఊపిరి తీసుకునుడు గూడ తెలుస్తుంది లచ్చీ.”

ఇంట్లకొచ్చి అర ముంగట నిలవడ్డడు. నోరు తెరుసుకున్న డబ్బలను జూసిండు. నా చేతుల గలీబును జూసిండు. మల్ల డబ్బలను జూసిండు. అక్కా, గప్పుడు గూడ నాకు సమజ్ కాలె, ఆయన మొకం జూసినంకనే అయింది. తిడ్తడనుకున్న, కొడ్తడేమో అని గూడ అనుకున్న.

“నువ్వు డబ్బలకు కాదే, నా చెవులకు కుట్టినవ్ గలీబులు!” అని కూలవడి నవ్విండు. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. నేను ఏడ్సుకుంట నవ్విన. సుజాతకు ఏం తెల్వక, “ఏమైంది అత్తమ్మా, ఏమైంది మామా” అని మా ఇద్దరి మొకాలు జూసింది. మా నవ్వుకు గంగాధర్ నిద్రలేసొచ్చి అంత ఇని నెత్తి పట్టుకున్నడు. “బొంతనా అవ్వా? బొంత కుడ్తరా స్పీకర్లకు?”

“నువ్వు గూడ మంచిగున్నయే అన్నవ్ గదరా!”

“నేను నిద్రల అన్ననే!”

వాడే వాటిని గిన్నెల నడుమకెల్లి తీసి రెండు పీటల మీద నిలవెట్టిండు. కూసున్నోళ్ళ చెవి ఎత్తుల ఉండాలెనట, గోడకు ఆనియ్యొద్దట. మీ మరిది మంచం మీద కూసుని, జర ఇటు, ఇంక జర, ఆఁ అని హమాలీలకు చెప్పినట్టు చెప్పిండు. సాయంత్రం ఓనరమ్మ వచ్చింది, ఈసారి చీపురు లేదు. “ఏం పెద్దమనిషీ, సప్పుడే లేదు, పాటలు బంద్ చేసినవా?”

“పెట్టుకునే ఉన్న. నువ్వే రా, కూసో.”

కూసున్నది. చాయ్ తాగే పోయింది.

ఆమె పోయినంక మీ మరిది ఈపును గోడకు ఆనిచ్చి కూసున్నడు. “దరువు పెద్దయాటంత లేదు. చెవికి తెలుస్తుంది గని ఈపుకు తెలుస్తలేదు” అన్నడు. మల్ల, “నాకు గిన్ని దినాలకే పిచ్చిలేసినట్టయింది. వదినె ఎన్నేండ్ల సంది గట్ల ఉన్నదే?” అన్నడు.

నేను ఏండ్లు లెక్కవెట్టబోయిన.

“రాయి మీ అక్కకు. డబ్బలు పంపుతున్ననని రాయి” అన్నడు.

అందుకే అక్కా ఈ ఉత్తరం. రేపు కాదు, దాని ఎనక ఆయితారం గంగాధర్ ట్రాలీల ఏసుకుని తెస్తడు. వాటికి పాటలు పెట్టే పాత మిషిని గూడ వస్తుంది, చిన్నయాటికి కొడుకు వేరేది తెచ్చిండు; వైర్లు వాడే కలిపి నర్సయ్యకు చూపిస్తడు. నడింట్ల గోడ పక్కన జాగ చెయ్యి. మీది భూమ్మీది ఇల్లు, కింద ఓనరమ్మ లేదు, నీ ఇష్టమున్నంత పెట్టుకో. వాటి మీద బోళ్ళు పెట్టొద్దట, దీపం పెట్టొద్దట, పిల్లిని పండుకోనియ్యొద్దట. గలీబులైతె అసలే కుట్టొద్దట. ఇది మూడుసార్లు రాయమన్నడు, నేను ఒక్కసారే రాసిన. మోసేటప్పుడు నువ్వు చెయ్యి పెట్టకు, నీ నడుము పట్టుకుంటది. నర్సయ్యను పట్టమను.

అదే ట్రాలీల పచ్చజొన్న పిండి జర పంపు, ఈడ దొరికేది మెత్తగ రాదు. ఎల్లిపాయలు గూడ ఉంటె పంపు, లేకుంటె ఫికర్ లేదు. మా గురించి అసలే ఫికర్ లేదు. మీ మరిది ఊరికి పోత అంటలేడు. అంకాపూర్ కోడి మల్లెప్పుడు తెస్తవ్‌రా అని కొడుకును అడుగుతున్నడు. ఇగ నిలుస్తడు. మేం మంచిగున్నం.

మన ఎల్లవ్వ అత్తకు, వాడకట్టు పెద్దలందరికి నా దండాలు చెప్పు. కోడలిని మంచిగ చూసుకో. రాతిరి ఒక్కదానివి బయటికి లేవకు, చేతిబత్తి పెట్టుకో.

మీ మరిది గిప్పుడే కింద గోనెసంచులు తీసి డబ్బలు తుడుస్తున్నడు, నేను మెట్ల మీద కూసుని రాస్తున్న. మీద తుడిసిండు, పక్కలు తుడిసిండు. నీ నూనె మరక కాడికొచ్చి చెయ్యి ఆపిండు. నేను తడిబట్ట ఇయ్యబోయిన.

“వద్దు, ఉండనీ” అన్నడు. “ఏడ కూసోవాల్నో వదినెకు ఎరుక కావాలె గద.”

ఆడికెల్లే మా నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించక్కా.

నీ చెల్లె
లచ్చవ్వ